కారం ముట్టని మిరప రైతు

ఆ గురువారం పొద్దున జైనాబీ వేసుకున్న ప్రణాళిక చాలా చిన్నది. మధ్యాహ్నానికి కోడికూర, గోంగూర పప్పు, కొత్త కాయలతో నూరిన పండుమిరప పచ్చడి సిద్ధం చేయాలి. గుంటూరు నుంచి ప్రకాష్ గారు వస్తారు. కల్లంలో ఎండుతున్న మిరపకాయలు చూస్తారు, ఇంటికొచ్చి భోజనం చేస్తారు, కాయలన్నీ కొంటానని మాట ఇచ్చి వెళ్తారు. ఆ ప్రణాళికలో ఆమె భర్త దవడకు ఎక్కడా చోటు లేదు.

కానీ నాగూర్ వలి నిద్ర లేచేసరికి అతని దవడ అతని కంటే ముందే లేచి కూర్చుంది. ఎడమ బుగ్గ నూనెలో పొంగిన బూరెలా ఉంది.

"మళ్ళీ వాచిందా?" అంది జైనాబీ.

"కొంచెం," అన్నాడు వలి.

"కొంచెమా? ఆ పక్క నుంచి చూస్తే ఇంకెవరో అనుకుంటారు."

వలికి జ్ఞానదంతం అడ్డంగా మొలిచింది. నెల కిందట గుంటూరు బ్రాడీపేటలో డాక్టర్ ఫెబా పంటి చిగురు కోసి, పన్నును ముక్కలు చేసి బయటికి తీసి, కుట్లు వేసింది. తర్వాత కుట్లు విప్పారు. వాపు తగ్గింది. అందరూ మర్చిపోయాక మళ్ళీ వచ్చింది. డాక్టర్ మాత్రలు మార్చింది. తగ్గింది. మళ్ళీ వచ్చింది. పన్ను తీసిన గుంట ఎందుకు పూడడం లేదో డాక్టర్‌కు అర్థం కాలేదు. ఇక ఊరికి ఎలా అర్థమవుతుంది? అయినా ఊరు ప్రయత్నం మానలేదు.

"దిష్టి," అని తేల్చేసింది పక్కింటి సుబ్బరావమ్మ. "వీడు నవ్వితే పలువరస బాగుంటుందని నేనే ఎన్నోసార్లు అన్నాను. నా కన్నే తగిలిందేమో."

"దిష్టి కాదు పిన్నీ, దూది," అన్నాడు ఆటో నడిపే రంజాన్. "లోపల దూది పెట్టి, తీయడం మర్చిపోయి కుట్టేసుంటారు. బాబాయ్ నోట్లో పరుపు ఉన్నట్టే లెక్క."

జైనాబీకి మాత్రం ఒకటే ఆశ్చర్యం. తన వైపు నుంచి లోపం లేదు. ప్రతి మాత్రా తన చేత్తోనే వేసింది. మింగాక నోరు తెరిపించి నాలుక కింద కూడా చూసింది. ఉప్పునీళ్ళతో పుక్కిలించమంటే దగ్గరుండి పుక్కిలింపించింది. గుంట పూడేదాకా కారం ముట్టకూడదని డాక్టర్ చెప్పిన రోజు నుంచి ఆ ఇంట్లో వలి కంచంలో ఎరుపన్నదే కనిపించలేదు. రోజూ మధ్యాహ్నం పెరుగన్నం డబ్బాలో పెట్టి కల్లానికి పంపిస్తే, డబ్బా కడిగినట్టుగా ఖాళీగా తిరిగొచ్చేది. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి పచ్చిమిరపకాయ కొరక్కుండా ముద్ద దిగని మనిషి ఇప్పుడు ఒక్కసారైనా విసుక్కోలేదు. మనిషి మారాడని ఆమె సంతోషించింది.

"ఇవాళ ఒక్క ముద్ద తింటే ఏమవుద్ది?" అన్నాడు వలి, బుగ్గ పట్టుకుని.

"ఏమవుద్దా? చీము ఎముకలోకి పాకితే దవడే గీకాల్సొస్తదని డాక్టరమ్మ చెప్పలా? ముద్ద మాటెత్తితే ఊరుకోను."

"మరి ప్రకాష్ గారి సంగతో?"

అదీ అసలు చిక్కు. ప్రకాష్ ఒక పచ్చళ్ళ కంపెనీకి మిరపకాయలు కొంటాడు. అతనికి పురుగుమందులు కుమ్మరించి పండించిన కాయలు అక్కర్లేదు. అతని మాట నమ్మి వలి ఈ ఏడు చేలో వేపనూనె కొట్టాడు. మొక్కల మధ్య పురుగులు అంటుకునే పసుపురంగు జిగురు అట్టలు వేలాడదీశాడు. "వలి చేలో పురుగులకు పెళ్ళిభోజనాలు" అని ఊరంతా నవ్వింది. ప్రకాష్ కొంటే ఆ నవ్వులు ఆగుతాయి. కొనకపోతే కాయలు గుంటూరు మిరప యార్డుకు పోతాయి. అక్కడ అవీ అన్ని కాయల్లాంటి కాయలే. వేపనూనె వాసన భరించిన రోజులన్నీ నవ్వులపాలే.

ప్రకాష్‌కు ఒక నియమం ఉంది. కొనే ముందు రైతు ఇంట్లో భోజనం చేస్తాడు. రైతు తన కాయలతో నూరిన కారం తాను తినాలి. అమ్మడానికి ఒక చేను, ఇంట్లోకి వేరే నాలుగు సాళ్ళు వేసుకునే రైతుల్ని అతను చాలామందిని చూశాడు. "తన ఇంట్లో తినని కాయ నాకెందుకు అమ్ముతున్నాడు?" అంటాడు.

"పన్ను పీకించుకున్నానని చెప్పేస్తే పోదా?" అన్నాడు వలి.

"నమ్మడు. పోయినేడు అవతలి ఊళ్ళో ఒకాయన పంటినొప్పి అనే కారం తినకుండా తప్పించుకున్నాడంట. తర్వాత కాయలు పరీక్ష చేయిస్తే అన్నీ మందులేనంట. అప్పట్నుంచి పన్ను అంటేనే మండిపడతన్నాడని రంజాన్ చెప్పాడు."

జైనాబీ కాసేపు ఆలోచించింది. తర్వాత కూరగాయల బుట్టలోంచి ఒక బీట్‌రూట్ తీసింది. దాన్ని సన్నగా తురిమి, నూనెలో మగ్గించి, ఉప్పు వేసి, ఆవాలు, వెల్లుల్లి తాలింపు పెట్టింది. గిన్నెలోకి తీసి అసలు పచ్చడి పక్కన పెట్టింది. రెండు అడుగుల దూరం నుంచి చూస్తే రెండూ అక్కాచెల్లెళ్ళలా ఉన్నాయి.

"నీకు ఈ గిన్నె, ఆయనకు ఆ గిన్నె. నువ్వు కలుపుకుని తిను. మధ్యలో కాస్త 'అబ్బా' అను. కళ్ళు తుడుచుకో."

"బీట్‌రూట్‌కి కళ్ళు తుడుచుకోమంటావా?"

"మన కాయలు తల్చుకుని తుడుచుకో."

తర్వాత ఆమె కల్లానికి వెళ్ళింది. ఎండ పడి ఎర్రటి కాయలు నిగనిగలాడుతున్నాయి. ఘాటుకు ముక్కు అదిరింది. వలి పడుకునే నులకమంచం కింద ఆమెకు ఒక చిన్న ఉప్పు పొట్లం కనిపించింది.

"ఇదేంటి ఇక్కడ?"

వెనకే వచ్చిన వలి ఒక్క క్షణం ఆగాడు. "పుక్కిలించమందిగా డాక్టరమ్మ."

"ఇక్కడ కూడా పుక్కిలిస్తన్నావా?"

"మరి!"

జైనాబీ మనసు కరిగిపోయింది. ఇంత బుద్ధిమంతుడికి దేవుడు ఇంత మొండి పుండు ఎందుకిచ్చాడో అనుకుంటూ ఇంటికి నడిచింది.

ప్రకాష్ అనుకున్న వేళకే వచ్చాడు. కల్లంలో అతనికి అనుమానం రాలేదు. మిరప ఘాటుకు అక్కడ అందరూ ముక్కుకూ మూతికీ తువ్వాలు చుట్టుకుంటారు. వలి కూడా చుట్టుకున్నాడు. బుగ్గ లోపల భద్రంగా ఉంది. ప్రకాష్ ఒక కాయ విరిచాడు, వాసన చూశాడు, గింజలు అరచేతిలో రాల్చి వెలుగుకు పెట్టి చూశాడు. అతని ముఖం విప్పారింది.

"రంగు బాగుంది వలి గారూ. తెల్లబోయిన తాలు కాయ ఒక్కటీ లేదు. ఇక మీ ఇంట్లో ముద్ద తింటే అయిపోతుంది."

ఇంటికొచ్చి కాళ్ళూ చేతులూ కడుక్కుని కూర్చున్నారు. తువ్వాలు చుట్టుకుని అన్నం తినే పద్ధతి ఎక్కడా లేదు కాబట్టి వలి దాన్ని విప్పాల్సి వచ్చింది.

ప్రకాష్ ఆ బుగ్గ చూసి ఉలిక్కిపడ్డాడు. "ఏంటండీ అది?"

"తేనెటీగ," అన్నాడు వలి.

"కందిరీగ," అంది జైనాబీ, అదే క్షణంలో.

ప్రకాష్ ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. "రెండూ ఒకేచోట కుట్టాయా?"

"ఒకదాని వెనక ఒకటి అండి," అంది జైనాబీ, కోడికూర వడ్డిస్తూ.

వలి ముందు బీట్‌రూట్ గిన్నె, ప్రకాష్ ముందు పచ్చడి గిన్నె పెట్టింది. వలి అన్నంలో ఎర్రగా కలిపాడు. నోరు సగమే తెరుచుకుంటోంది కాబట్టి ముద్దను పక్క నుంచి దూర్చాడు. "అబ్బా!" అన్నాడు. కళ్ళు తుడుచుకున్నాడు. నొప్పి ఉంది కాబట్టి నీళ్ళు నిజంగానే వచ్చాయి. ప్రకాష్ సంతోషంగా తల ఊపాడు. అక్కడితో ఆగిపోతే ఎంత బాగుండేది!

"అమ్మా, ఆయన గిన్నెలోదే నాకూ వెయ్యండి," అన్నాడు.

"మీ గిన్నెలోది ఇంకా బాగుంటుందండి. ఇప్పుడే నూరా," అంది జైనాబీ.

"కాదమ్మా. రైతు తినేదే నేను తినాలి. అది నా పద్ధతి."

జైనాబీ గిన్నెను చీరకొంగు వైపు లాగింది. ప్రకాష్ మర్యాదగానే తన వైపు లాగాడు. కాస్త తన కంచంలో వేసుకుని, కలిపి, నోట్లో పెట్టుకుని, ఘాటు కోసం ఎదురుచూశాడు. ఘాటు రాలేదు. తియ్యగా ఏదో వచ్చింది.

"ఇది బీట్‌రూట్ కదండీ?"

సరిగ్గా అప్పుడే సుబ్బరావమ్మ చేతిలో పెరుగు గిన్నెతో లోపలికొచ్చింది.

"అమ్మాయ్ జైనాబీ, చుట్టాలొచ్చారని గట్టి పెరుగు తెచ్చానే. ఒరేయ్ వలీ, నువ్వు కూడా వేసుకో. పాపం," అంటూ ప్రకాష్ వైపు తిరిగింది. "నెల బట్టీ వీడు ఒక్క మిరపకాయ ముట్టలేదు బాబూ. వీళ్ళావిడ కారం వాసన కూడా పడనివ్వట్లేదు. తింటే ప్రమాదమంట!"

ఆమె మంచి మనసుతో అన్న ప్రతి మాటా ప్రకాష్ చెవిలో వేరే రకంగా పడింది. అతను చెయ్యి కడుక్కున్నాడు.

"తింటే ప్రమాదమని మీకే తెలుసన్నమాట."

"అయ్యో, అది కాదండీ! పన్ను..." అన్నాడు వలి.

"ఇందాక తేనెటీగ అన్నారు. ఆవిడ కందిరీగ అన్నారు. ఇప్పుడు పన్నా? నేను కొనడానికొచ్చిన రోజునే రైతులందరికీ పన్ను నొప్పి ఎందుకొస్తుందో నాకర్థం కాదు."

"నిజం సార్! చూడండి!" అని వలి నోరు తెరవబోయాడు. అది సగం తెరుచుకుని ఆగిపోయింది. ప్రకాష్ ఫోన్ లైటు వేసి వంగి చూశాడు. సుబ్బరావమ్మ కూడా వంగింది. ఎన్నాళ్ళనుంచో ఆమెకు ఆ గుంట చూడాలని ఉంది.

"ఏం కనపడట్లా. నాలుక పక్కకి పెట్టరా," అంది.

ఇంతలో వాకిట్లో ఆటో ఆపి రంజాన్ తొంగి చూశాడు. ఫోన్ లైటు, తెరిచిన నోరు, సగంలో వదిలేసిన కంచాలు కనిపించాయి.

"ఏమైంది పిన్నీ?"

"వీళ్ళ కాయలు తింటే ప్రమాదమేమోనని ఈ బాబు అనుమానం," అంది సుబ్బరావమ్మ, నోటి మీంచి చూపు తిప్పకుండా.

రంజాన్ మిగతాది వినలేదు. ఆటో తిప్పాడు. ఆటోకు మించిన వేగంతో కబురు వెళ్ళింది. పక్క కల్లంలో అది "వలి కాయలు తిని దవడ వాచిందంట" అయింది. ఆ పక్క కల్లం చేరేసరికి "వేపనూనె రక్తంలోకి ఎక్కిందంట" అయింది. రచ్చబండ దగ్గర వలిని అంబులెన్సు ఎక్కించేశారు. కాసేపటికి చూద్దామని వచ్చిన జనం వాకిట్లో నిండిపోయారు. మనిషి మామూలుగా కూర్చుని ఉండటం చూసి కొందరు కొంచెం నిరాశపడ్డారు కూడా.

"నోరు తెరువు వలీ, మేమూ చూస్తాం," అన్నాడు ఒకాయన.

"లైను తప్పొద్దు! నేను ముందొచ్చా," అంది ఒకావిడ.

ప్రకాష్ కారు తాళం తీశాడు. ఆ కారు ఇప్పుడు వెళ్ళిపోతే మళ్ళీ రాదు. వెళ్ళేలోపు ఈ జనం నవ్వడం మొదలుపెడతారు. జైనాబీ ముందుకొచ్చి కారు తలుపు పట్టుకుంది.

"సార్, అబద్ధం నాది. బీట్‌రూట్ నాది. పుండు మాత్రం నిజం. బ్రాడీపేటలో డాక్టరమ్మ ఉంది. మీరు పోయేదీ గుంటూరే కదా, మమ్మల్నీ ఎక్కించుకోండి. ఆమె చెప్పింది విని, అప్పుడు కూడా వద్దనిపిస్తే మానెయ్యండి."

ప్రకాష్ ఆలోచించాడు. కోపం వచ్చింది కానీ, అంతకంటే ఎక్కువగా ఆ నోట్లో ఏముందో తెలుసుకోవాలని ఉంది. "ఎక్కండి," అన్నాడు.

వలి ముందు సీట్లో కూర్చున్నాడు. జైనాబీ వెనక కూర్చుంది. ఎవరూ పిలవకుండానే సుబ్బరావమ్మ ఆమె పక్కన సర్దుకుంది. "ఇంత చూశాక చివర చూడకుండా ఎట్టా ఉంటానే?" అంది. వెనకాల రంజాన్ ఆటోలో మరికొందరు బయల్దేరారు. దారిపొడుగునా మార్టూరు నుంచి గ్రానైట్ రాళ్ళు మోసుకొస్తున్న లారీ ఒకటి ముందు అడ్డంగా నడిచింది. దాన్ని దాటే తొందర వలికి ఎంతమాత్రం లేదని ఎవరూ గమనించలేదు. డాక్టర్ దగ్గరకు వెళ్దామన్నప్పటి నుంచి అతను నోరు విప్పలేదు. నొప్పి ఎక్కువైందనుకుంది జైనాబీ.

డాక్టర్ ఫెబా తన గది తలుపు దగ్గర కిక్కిరిసిన మనుషుల్ని చూసి, "పేషెంట్ ఎవరు?" అంది. అందరూ వలిని చూపించారు.

ఆమె ఎక్స్‌రే తీయించింది. ఎముక బాగానే ఉంది. "మాత్రలు మధ్యలో ఆపారా?"

"ఒక్కటి తప్పలేదు మేడం. నా చేత్తో వేశా," అంది జైనాబీ.

"ఉప్పునీళ్ళు?"

"కల్లంలో కూడా ఉప్పు పొట్లం పెట్టుకుని మరీ పుక్కిలిస్తన్నాడు మేడం!"

"కారం?"

"నెల బట్టీ పెరుగన్నమే. ఇదిగో, ఈ పిన్నమ్మే సాక్ష్యం."

సుబ్బరావమ్మ గట్టిగా తల ఊపింది. ప్రకాష్ గోడకు ఆనుకుని చేతులు కట్టుకున్నాడు. ఆ సాక్ష్యం విన్నకొద్దీ అతని ముఖం ఇంకా బిగిసింది. వలి కుర్చీలో వెనక్కి వాలి, పైకప్పు వైపు చూస్తున్నాడు.

"మరి ఎందుకు మానడం లేదు?" అని డాక్టర్ తనలో తానే అనుకుంది. "గుంట అడుగున ఏదో ఉన్నట్టుంది. కడిగి చూద్దాం."

మత్తు సూది ఇచ్చింది. వంపు మూతి ఉన్న పెద్ద సిరంజిలో మందునీళ్ళు నింపి, గుంటలోకి గట్టిగా చిమ్మింది. ఒకసారి చిమ్మింది. ఏమీ రాలేదు. మళ్ళీ చిమ్మింది. కాస్త చీము వచ్చింది. తలుపు దగ్గర రంజాన్ "దూదే, దూదే" అని గుసగుసలాడాడు.

మూడోసారి నీళ్ళతో పాటు చిన్నదేదో ఎగిరి ట్రేలో పడింది.

డాక్టర్ దాన్ని పట్టకారుతో పైకెత్తింది. చిన్నగా, పల్చగా, పసుపుపచ్చగా ఉంది. అదేమిటో ఆ గదిలో ఎవరికీ ఎవరూ చెప్పాల్సిన పని లేకపోయింది. వెనకాలే ఇంకొకటి కూడా వచ్చింది.

"మిరప గింజ!" అంది సుబ్బరావమ్మ.

జైనాబీ చూపు గింజ మీది నుంచి భర్త ముఖం మీదికి వెళ్ళింది. నెల రోజుల పెరుగన్నం ఆమె కళ్ళ ముందు కదిలింది. కడిగినట్టు వచ్చిన డబ్బాలు కదిలాయి. చివర్లో మంచం కింద ఉప్పు పొట్లం కదిలింది.

"ఆ ఉప్పు దేనికయ్యా?" అంది, చాలా నెమ్మదిగా.

గోడ దగ్గర నుంచి ప్రకాష్ చేతులు విప్పి ముందుకొచ్చాడు. "ఆగండమ్మా. ముందు నాకు చెప్పాలి. వలి గారూ, ఈ గింజ ఎవరి కల్లంలోది? మీ కాయలదేనా?"

వలికి జీవితంలో అంతకు మించిన కష్టమైన ప్రశ్న ఎదురుకాలేదు. అవునంటే ఇంటికెళ్ళాక బతుకు లేదు. కాదంటే కల్లానికి బతుకు లేదు. సగం నోరు మత్తులో ఉంది. అతను జైనాబీని చూశాడు. ప్రకాష్‌ను చూశాడు. ట్రేలో గింజను చూశాడు. కళ్ళు మూసుకుని తల ఊపాడు.

"ఎట్టా తిన్నావ్?" అంది జైనాబీ.

"ఎండుగాయ విరిచి... ఉప్పద్దుకుని... పెరుగన్నంలోకి," అన్నాడు వలి, ఒక పక్క పెదవితో. "రోజూ కాదే. కాయ ఎండిందో లేదో చూడాలి కదా."

"రోజూ ఎండిందో లేదో చూశావా?"

ప్రకాష్ ఉన్నట్టుండి నవ్వడం మొదలుపెట్టాడు. డాక్టర్ కూడా ఆశ్చర్యంగా చూసింది.

"డాక్టర్ వద్దంది. భార్య కాపలా కాసింది. దవడ వాచి నోరు తెరుచుకోవట్లేదు. అయినా దొంగతనంగా వెళ్ళి తన కాయలే తిన్నాడు!" అన్నాడు. "నేను భోజనానికొచ్చినప్పుడు నా ఎదురుగా ఎవరైనా తింటారు. నేను లేనప్పుడు తిన్న రైతును మొదటిసారి చూస్తున్నా. డాక్టర్ గారూ, ఆ గింజ నాకిస్తారా?"

"ఇవ్వను," అంది డాక్టర్ ఫెబా. "చీములో ఉన్నది."

"పోనీలెండి. కాయలు మాత్రం నేనే తీసుకుంటున్నాను. ఒక్క బస్తా, ఒక్క టిక్కీ కూడా బయటికి పోకూడదు."

తలుపు దగ్గర కలకలం రేగింది. రంజాన్ ఫోన్ తీసి ఊరికి చెప్పడం మొదలుపెట్టాడు. "దూది కాదురా, గింజ! వలి బాబాయ్ కాయలన్నీ కొనేశారు! ఆ... గింజ చూసే!" అవతల ఊళ్ళో దాన్ని ఎవరు ఏ రకంగా అర్థం చేసుకున్నారో గానీ, తెల్లారేసరికి ఇద్దరు రైతులు వేపనూనె ఎక్కడ దొరుకుతుందో అడగడానికి వలి ఇంటికొచ్చారు.

డాక్టర్ మళ్ళీ మాత్రలు రాసింది. గుంట శుభ్రంగా ఉంచాలనీ, పూర్తిగా పూడేదాకా కారం ముట్టకూడదనీ, ముట్టుకుంటే ఈసారి తన దగ్గరకు రావద్దనీ చెప్పింది. వలి మాట ఇచ్చాడు. తిరుగు ప్రయాణంలో రంజాన్ ఆటోలో జైనాబీ మాత్రల సంచి ఒళ్ళో పెట్టుకుని వలికి వీపు తిప్పి కూర్చుంది. సుబ్బరావమ్మ మాత్రం ఊరొచ్చేదాకా నవ్వుతూనే ఉంది.

వారం తిరక్కుండా లారీ వచ్చి కాయలన్నీ టిక్కీల్లో ఎత్తుకుపోయింది. జైనాబీ కల్లం మొత్తం చీపురుతో ఊడ్చి, రాలిన కాయలు కూడా ఏరి సుబ్బరావమ్మకు ఇచ్చేసింది. ఇంట్లో పచ్చడి జాడీ కూడా పక్కింటికి కాపురానికి వెళ్ళింది. మంచం కింద ఉప్పు పొట్లం ఒక్కటే మిగిలింది. వలి దాంతో నిజంగానే పుక్కిలించాడు.

గుంట పూడింది, వాపు మళ్ళీ రాలేదు. తను మార్చిన మాత్రలు బాగా పనిచేశాయని డాక్టర్ ఫెబా నమ్మింది. దిష్టి తీసింది తనే కాబట్టి తగ్గిందని సుబ్బరావమ్మ చెప్పుకుంది. జైనాబీ మాత్రం ఆ నయమైన దవడకు, కాయ ఒక్కటీ మిగల్చకుండా ఎత్తుకుపోయిన ప్రకాష్ గారి లారీనే కారణమని ఇప్పటికీ అంటుంది.